అత్తగారి పిలుపు

బాబాయ్ మఫ్లర్‌ను చెవుల మీదుగా చుట్టుకుని, మందపాటి తలుపు తోసుకుని చల్లటి గదిలోకి వెళ్లాడు. ఎప్పటిలాగే ముందు సర్వర్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వెచ్చగానే ఉంది. పొడిగుడ్డతో జాలీ మీది దుమ్ము తుడిచి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ ముద్రణాలయంలో బొమ్మలు గీసేవాళ్లు, అచ్చుతప్పులు దిద్దేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, అందరి పనీ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటుంది. దాని ముద్దుపేరు అత్తగారు. ఏ ఫైలడిగినా విసుక్కుంటూనే ఇస్తుందని అలా పిలుస్తారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆయన అందరికీ బాబాయ్. పొద్దున్నే ఎవరో ఒకరు "అత్తగారు లేచారా బాబాయ్?" అనడం, "లేచారు, మీదే ఆలస్యం" అని ఆయన అనడం మామూలే. ఇంట్లో భార్య మాటకంటే ఆయన దీని మాటే ఎక్కువ వింటాడని అందరూ ఆటపట్టించేవారు. ఆవిడైతే ఈమధ్య ప్రతిదానికీ గొంతు పెంచుతోంది. వయసు మీదపడి కసురుకుంటోందని పాపం ఆయన సరిపెట్టుకున్నాడు.

అత్తగారికి డిస్కులూ మెమరీ మార్చి ఇంకొన్నాళ్లు నడపడమా, సాగనంపి కొత్తది కొనడమా అన్నది ఇవాళ తేలాలి. మేనేజరమ్మ కొత్తదే కొందామంటోంది. బాబాయ్ ఒప్పుకోలేదు.

"ఏ నలతొచ్చినా ముందు నాకే చెప్తుంది మేడమ్. ఇంతవరకూ కిక్కురుమనలేదు," అని పట్టుబట్టాడు. అది వెళ్లిపోతే తననెవరు ఉంచుకుంటారన్న బెంగ మాత్రం పైకి చెప్పలేదు.

మధ్యాహ్నం సర్వర్‌ని పరీక్షించడానికి వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి గుమ్మంలోనే చెవులు మూసుకుంది.

"బాబోయ్! ఈ కూత ఎప్పట్నించి బాబాయ్?"

"ఏ కూతమ్మా?"

ఆ అమ్మాయి నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. బాబాయ్ మఫ్లర్ విప్పి తలుపు గొళ్లేనికి తగిలించాడు. చెవిని జాలీకి ఆనించాడు. చెంపకు గాలి తగిలింది. ఎక్కడో దూరంగా హోరు. అంతే.

ఒక డిస్కు పాడై చాలా రోజులైంది. అప్పట్నుంచీ ఆ మందపాటి తలుపు వెనక సర్వర్ కీచుమని పిలుస్తూనే ఉంది. ఇంకొకటి కూడా పోయుంటే అందరి పనీ తుడిచిపెట్టుకుపోయేది. అమ్మాయి ప్రస్తుతానికి తన దగ్గరున్న డిస్కు వేసి, కూత ఆగిందని సైగ చేసింది. ఆగడమూ ఆయనకు తెలియలేదు.

"నేనెవరికీ చెప్పన్లే బాబాయ్," అంది నెమ్మదిగా. ఆ మాటను ఆమె పెదవులు చూసి పట్టుకున్నాడు. ఇంట్లో ఆవిడ ఎందుకు అరుస్తోందో అప్పుడర్థమైంది.

లేచి నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్లాడు.

"దాన్ని మార్చక్కర్లేదు మేడమ్. డిస్కులూ మెమరీ వేస్తే చాలు. అది చెప్పాల్సింది చెప్పింది, నాకే వినపడలేదు. ఆ గదికి ఇంకెవర్నైనా చూసుకోండి."

ఆవిడ ఏదో అంది. మళ్లీ అడగబుద్ధి కాక బాబాయ్ తలూపాడు. సాయంత్రం టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, అందరికంటే ముందే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త డిస్కులు వచ్చాయి. అత్తగారు లేచారా అని ఎవరూ అడగలేదు. తలుపు తీసిన ప్రతిసారీ, చెవుల దగ్గర అరిగి పల్చబడ్డ ఆ బూడిదరంగు మఫ్లర్ గొళ్లేనికి వేలాడుతూ కాసేపు ఊగి ఆగేది.