బల్లెంలో వెనక సగం

నేను ఒక బల్లేన్ని. ఉన్నమాట చెప్పాలంటే, బల్లెంలో వెనక సగాన్ని. మా మాసిడోనియా బల్లెం మూడు నిలువుల పొడవు. అంత కర్ర భుజాన వేసుకుని కోసుల దూరం నడవడం ఎవడి తరం? అందుకే దాన్ని రెండు ముక్కలుగా చేసి, యుద్ధానికి ముందు ఇనుప గొట్టంతో కలిపి బిగిస్తారు. ముందు ముక్కకు ఆకులాంటి పదునైన అలుగు. నాకేమో నేలలో గుచ్చి నిలబెట్టడానికి ఒక మొద్దు మేకు. చాకిరీ నాది, పేరు దానిది.

నా యజమాని సిమియాస్. అతనికీ, వరుసలో పక్కన నిలబడే డెర్డాస్‌కీ ఒకటే గుడారం, ఒకటే కంచరగాడిద. తుప్పు పట్టకుండా మొనలన్నిటికీ తోలు తొడుగులు వేసి, ఇద్దరి నాలుగు ముక్కలనూ ఒకే కట్టగా గాడిద మీద వేసేవారు. ఆ రోజు నది అవతలి గట్టున పారశీకుల గుర్రాలు కనబడగానే బూర ఊదారు. పప్పు ఉడికిందా లేదా అని పోట్లాడుకుంటున్న ఇద్దరూ ఉలిక్కిపడి, చేతికందిన ముక్కలు లాగి బిగించేశారు.

నీళ్లలోకి దిగాక తొడుగులు తీస్తే ఏముంది! సిమియాస్ బల్లేనికి రెండు వైపులా అలుగులు. డెర్డాస్ బల్లేనికి రెండు వైపులా మేకులు. అందులో ముందున్న మేకును నేనే! పుట్టి బుద్ధెరిగాక ముందుకు రావడం అదే మొదటిసారి. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

"ఒరేయ్ సిమియా, నీ బల్లెం నన్నే పొడుస్తోందిరా!" అని వెనకవాడు గోలపెట్టాడు.

సిమియాస్ గబుక్కున వెనక్కి తిరిగాడు. కాలు జారింది, చేజారిన బల్లెం వెనకవాడి చేతికి చిక్కింది. డాలు బరువుకు మునుగుతూ తేలుతూ ప్రవాహంలో కొట్టుకుపోసాగాడు. డెర్డాస్ నన్ను అతనివైపు చాచాడు.

"పట్టుకోరా!"

"వేళ్లు తెగుతాయిరా!"

"అది అలుగు కాదురా మొద్దూ, మేకు! పట్టుకో!"

సిమియాస్ రెండు చేతులతోనూ నన్ను వాటేసుకున్నాడు. డెర్డాస్ పళ్లు బిగించి లాగాడు. ఇద్దరూ దగ్గుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ మళ్లీ వరుసలో కలిశారు. ఒడ్డెక్కాక బారులు తీరిన మొనలను చూసి పారశీకుల గుర్రాలు బెదిరిపోయాయి. వాటిలో ఒకటి ఉత్త మేకు అని గుర్రాలకేం తెలుసు! సాయంత్రానికి గట్టు మా వశమైంది. దళపతి మాత్రం ఇద్దరినీ చెడామడా తిట్టి, ఎవరి ముక్క వాళ్లకు ఇప్పించాడు.

నా కర్ర ఎప్పుడో చీకిపోయింది. మిగిలిన ఇనుప మేకుగా ఇప్పుడు మ్యూజియంలో గాజుపెట్టెలో ఉంటున్నాను. వచ్చినవాళ్లు ముక్కు అద్దానికి ఆనించి, "ఇది ఎంతమందిని చంపిందో!" అని నోరు వెళ్లబెడతారు.

ఒక్కణ్ణీ చంపలేదు నాయనా. ఒకణ్ణి మాత్రం బతికించాను. వాడికి తర్వాత ఏడుగురు పిల్లలు.