ఈసారి పాసైతే

అక్కమ్మ ఇంట్లో పొద్దు శెనక్కాయల చప్పుడుతోనే మొదలయ్యేది. సదుం చుట్టుపక్కల రైతుల దగ్గర మూటలు తెచ్చుకుని, తల్లీ కూతురూ గడప దగ్గర కూచుని, ఒలిచిన గింజలు తిరిగిచ్చేవాళ్ళు. అది వాళ్ళ కూలి. చేతులు ఒలుస్తూనే ఉంటే, కూతురు మునిరత్న నోరు ఇంగ్లీషు చదువుతూ ఉండేది.

"ఇఫ్ ఇట్ రెయిన్స్, వియ్ విల్ సో." ఒక కాయ చిట్లేది. "ఇఫ్ ఇట్ రెయిన్డ్, వియ్ వుడ్ సో." ఇంకొకటి.

"ఏందే ఆ మాటలు?"

"వానొస్తే విత్తుతామని."

"రాని వానను యాల ఊరికే పిలుస్తావు?" అనేది అక్కమ్మ.

మునిరత్న పదో తరగతి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఇంగ్లీషులోనే. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు పోయి అడిగితే, అక్కడి పెద్ద నర్సమ్మ పిల్లను ఎగాదిగా చూసి, "జూన్‌లోగా పాసై రా, సీటు నీది. రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను" అంది. ఆ సీటు పోతే మునిరత్నకు మిగిలేది ఈ గడపా, ఈ కాయలే. తండ్రి పాము కరిచి పోయినప్పటినుంచీ అక్కమ్మ ఒక్కతే పెంచింది. ఆమె వేళ్ళ చివర్లు అరిగి నున్నగా అయిపోయినాయి.

పుంగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే లక్ష్మీపతి అయ్యవారు ఆదివారాలు తన ఇంటి వసారాలో తప్పిన పిల్లల్ని కూచోబెట్టుకుని చెప్పేవాడు.

"వ్యాసాలు బట్టీ పడతారు, హాల్లో మర్చిపోతారు. ఇఫ్ పట్టుకోండి. ఖాళీలు పూరించే కాడ ఇఫ్ వస్తాది. వాక్యాలు మార్చే కాడ ఇఫ్ వస్తాది. ఉత్తరంలో మీరే ఒక ఇఫ్ తప్పులేకుండా వేస్తే దిద్దేవాడి చెయ్యి మెత్తబడతాది. మూడు రకాలే. మొదటిది జరిగేది. రెండోది కల. మూడోది ఏడుపు. వాన వచ్చుంటే విత్తుకునుందుము, రాలా, విత్తలా. అంతే."

మునిరత్నకు ఇది ఇట్టే పట్టుబడింది. పట్టుబడక ఏం చేస్తుంది? వాళ్ళ ఊళ్ళో అందరూ 'ఐతే' మీద బతికేవాళ్ళే. ఊరి గంగమ్మ మాట ప్రకారం ఇచ్చేది, మాట ప్రకారం తీసుకునేది. బోరులో నీళ్ళు పడితే చిటికెనవేలు ఇస్తానని కృష్ణప్ప మొక్కినాడు. నీళ్ళు పడినాయి. మర్నాడు లేచేసరికి వేలు లేదు. పుండు లేదు, నెత్తురు లేదు. మిగిలిన వేళ్ళతో చెంబు పట్టుకుని తాగుతూ ఉంటే, "నీళ్ళు తియ్యగా ఉండాయా కృష్ణప్పా?" అని అడిగినారు గానీ వేలి సంగతి ఎవరూ అడగలేదు. కొడుకు జ్వరం తగ్గితే తన పాట ఇస్తానన్న రంగనాయకమ్మ, ఆ పిల్లోణ్ణి నిద్రపుచ్చడానికి పక్కింటామెను పిలుచుకునేది.

పరీక్షలు దగ్గరపడేకొద్దీ అక్కమ్మ పని మందగించింది. కాయ చేతిలో పట్టుకుని కొండల వైపు చూస్తూ ఉండిపోయేది. చూరులో పిచ్చుకల్ని చూసేది. కూతురి మొహాన్నయితే కందిబేడల్లో రాళ్ళేరినట్టు చూసేది.

"ఏందిమా, అట్ల సూస్తాండావు?"

"సూసుకుంటాండా పాపా. నువ్వు పాసైతే కనపడదు గదా."

మునిరత్న చేతిలో కాయ జారిపోయింది. "ఏమని మొక్కినావు?"

"నా బిడ్డ ఈసారి ఇంగ్లీషు పాసైతే నా కంటిసూపు నీకిస్తా తల్లీ అని. రెండుసార్లు టెంకాయ కొడతానంటే ఆయమ్మ పలకలా. పెద్దది ఇయ్యాల గదా."

"వెనక్కి తీసుకోమా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"గంగమ్మ కాడ అన్నమాట ఎనక్కి వస్తాదా?" అని అక్కమ్మ మళ్ళీ కాయలు ఒలవసాగింది.

ఆ వారమంతా మునిరత్నకు ముద్ద దిగలేదు. అయ్యవారు పెట్టిన పరీక్షలో మార్కులు యాభై దాటినాయి. మిగతా పిల్లలు మెచ్చుకుంటుంటే ఆమె ఆ కాగితాన్ని మడిచి దాచేసింది. తను పాసవుతుంది. ఇంక అనుమానం లేదు. అందరూ పోయినాక వసారాలో నిలబడింది.

"అయివోరా, ఇఫ్ వెనకాల చెప్పిన దాంట్లో ఒక్క మాట తప్పిపోతే?"

"తప్పితే ఆ షరతు చెల్లదు. ఈ ఆదివారం వస్తే ఇస్తానన్నవాడు, సోమవారం పోతే ఇయ్యాల్సిన పని లేదు." అయ్యవారు కళ్ళద్దాలు తీసి ఆమెను చూసినాడు. "యాలమ్మా?"

"ఊరికే" అని ఆమె మెట్లు దిగింది. ఈసారి. అమ్మ 'ఈసారి' అనింది.

మార్చిలో, పుంగనూరు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం నిండా ఇఫ్‌లే. అన్నీ తెలిసినవే. తన పేరు వచ్చినంత బాగా వచ్చు. కలం వాటి వైపే లాగుతూ ఉంటే, మునిరత్న కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూచుంది. నర్సమ్మ తెల్లచీర కళ్ళముందు కదిలింది. ఒక ఖాళీ పూరించింది, కొట్టేసింది. ఆమె కాగితం మీద చెమట చుక్కలు తప్ప ఇఫ్ ఒక్కటీ మిగల్లేదు. గంట కొట్టేసరికి ఆమె వెక్కి వెక్కి ఏడుస్తూ ఉంది. పేపర్ కష్టంగా వచ్చిందేమోనని ఇన్విజిలేటరు జాలిపడినాడు.

ఫలితాలు వచ్చినాయి. తప్పింది. అక్కమ్మ కూతురి వీపు మీద రెండు చేతులతో బాది, తర్వాత తన తలే గోడకు కొట్టుకుంది. "నా కండ్లు కూడా సాల్లేదా దీనికి?" అని గంగమ్మను తిట్టింది. జూన్ వచ్చింది, పోయింది. మదనపల్లె సీటు ఎవరికో పోయింది. వాన పడింది, మునిరత్న కూలికి పోయి విత్తనం వేసింది. తల్లీ కూతుళ్ళ మధ్య ఉప్పు అందియ్యి, నీళ్ళు తోడు అనే మాటలే మిగిలినాయి. నిజం చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చేది. చెబితే అమ్మ ఇంకా గట్టి మాటతో మొక్కుతుంది. మింగేసేది.

అక్టోబరు పరీక్షకు ఫీజు కట్టినాక ఒకరోజు పొద్దున అక్కమ్మ తలస్నానం చేసి, పసుపూ టెంకాయా పళ్ళెంలో పెట్టుకుంది.

మునిరత్న గడపకు అడ్డం నిలబడింది. "యాడికి?"

"తప్పుకో. ఈసారి అనేది తీసేసి మొక్కుతా. ఎప్పుడు పాసైనా సరే అని. ఒలిసేదానికి సేతులు సాలు, కండ్లు యాలకు నాకు?"

"మొక్కు పోమా. నువ్వు మొక్కితే నేను తప్పుతా."

"నీ నోట్లో మన్నుపడ! ఏం మాటే అది?"

"మళ్ళీ మొక్కితే మళ్ళీ తప్పుతా. నువ్వు ఎన్నిసార్లు మొక్కితే అన్నిసార్లు తప్పుతా. సచ్చేదాకా తప్పుతానే ఉంటా. నాకు సేతనవుతాది."

అక్కమ్మ పళ్ళెం పట్టుకుని అట్లే నిలబడింది. కూతురి మొహాన్ని చూసింది, చాలాసేపు చూసింది.

"అంటే... మార్చిలో?"

మునిరత్న గోడవైపు తిరిగింది. అక్కమ్మ పళ్ళెం కింద పెట్టి, తను కొట్టిన ఆ వీపు మీద నున్నటి వేళ్ళతో నిమిరింది. తర్వాత ఇద్దరూ కలిసే గుడికి పోయినారు. అక్కమ్మ టెంకాయ కొట్టింది. మొక్కు గొంతుదాకా వస్తూ ఉంటే కొంగు నోట్లో కుక్కుకుని, ఏమీ అడక్కుండా తిరిగొచ్చింది. గంగమ్మ ఎదుట అట్లా నిలబడి వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ లేరు.

అక్టోబరులో మునిరత్న పాసైంది. గొప్ప మార్కులేం కాదు. మదనపల్లెలో ఖాళీ లేదన్నారు. కుప్పంలో ఒక చిన్న ఆస్పత్రిలో ఆయాగా చేరి, మరుసటేడు అక్కడే ట్రైనింగులో కూచుంది. తమిళం, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే రోగులు. ఊరికి రావాలంటే బస్సులు మారాలి.

మొదటిసారి అక్కమ్మ చూడ్డానికి పోయినప్పుడు, మునిరత్న తెల్లచీరలో వరండాలోకి పరిగెత్తుకుంటూ వచ్చి తల్లిని వాటేసుకోబోయింది.

అక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే నిలబడు పాపా. ఇంకొంచిం ఎనక్కి జరుగు. దగ్గరికొస్తే నెత్తినుంచి కాళ్ళదాకా నిండా కనపడవు."