ఎందుకు పెరిగిందో చెప్పు

దలాల్ స్ట్రీట్ సందులో భంవర్ టీ బండి పక్కన ఒక బల్ల ఉంది. దానికో ఆచారం. షేర్ మార్కెట్ పెరిగినా పడినా అక్కడ కూర్చున్న బ్రోకర్లు తలా ఒక కారణం చెప్పాలి. అందరికంటే తలతిక్క కారణం చెప్పినవాడు ఆ పూట అందరికీ అరగ్లాసు కటింగ్ టీ తాగించాలి. ఇరవై ఏళ్లుగా ఎక్కువసార్లు తాగించింది ఛబిల్‌దాసే.

మూడు నెలల కిందట మార్కెట్ కుప్పకూలింది. ఇవాళ ఉన్నట్టుండి ఎగిసింది. ఛబిల్‌దాస్ ఆయాసపడుతూ వచ్చి ఖాళీ బల్ల మీద కూలబడ్డాడు.

"చెప్పండి సేఠ్, ఎందుకు పెరిగింది?" అన్నాడు భంవర్.

"విదేశీ డబ్బు దిగింది."

నవ్వడానికి బల్ల మీద ఇంకెవరూ లేరు.

"కాదు, వడ్డీలు తగ్గిస్తారట."

"నీ మొహం!" అని రోజూ పక్కన కూర్చుని కొట్టిపారేసే వ్రజ్‌లాల్ ఇప్పుడు లేడు. ఉన్న షేర్లన్నీ కారుచౌకగా అమ్మేసి భావ్‌నగర్ వెళ్లిపోయాడు. హర్‌కిషన్ ఆఫీసు మూసేసి బావమరిది బట్టల కొట్లో కూర్చుంటున్నాడు. మిగతావాళ్లు మొహం చెల్లక ఈ సందువైపే రావడం లేదు.

భంవర్ గ్లాసు తుడుస్తూ అన్నాడు. "నన్నడిగితే, భయపడ్డవాళ్లంతా అమ్ముకుని పోయారు సేఠ్. ఇంకా అమ్మడానికి ఎవరు మిగిలారని? అందుకే పెరిగింది."

ఆ బల్ల దగ్గర ఇంత సరైన కారణం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఛబిల్‌దాస్ తన పక్కన వ్రజ్‌లాల్ కూర్చునే ఖాళీ చోటు వైపు చూశాడు.

"నీ మొహం!" అన్నాడు, అచ్చం వ్రజ్‌లాల్ గొంతుతో. "టీ నువ్వే తాగించు."