కమాను పదును

ఎర్రగా కాలిన కొడవలిని సాయిలు నీళ్ల తొట్లో ముంచాడు. చుయ్యిమంది. పైకి తీసి బొటనవేలితో అంచు తడిమి, పక్కన పడేశాడు. ముప్పై ఏళ్లుగా కమ్మరి పని. అరచేతుల్లో కాయలు కాయని చోటు లేదు.

కొలిమితిత్తికి కొత్త తోలు తెచ్చాడు మైసయ్య. "మంచిగ పదును పెట్టిన, సూడు" అన్నాడు. తోలు మెత్తబడితే మైసయ్యకు పదును. దుక్కిలో తడి చాలినంత ఉంటే రైతు బుచ్చయ్యకు పదును. సాయిలుకు ఈ మాటలు వింటే నవ్వొచ్చేది. పదునంటే తెగాలి, ఇంకేముంటుంది?

నాలుగేళ్ల కింద ఊరి ఆ కొసన కొలిమి పెట్టిన భీమయ్య ఇంకో పదును తెచ్చాడు. తుపాకిలో మందు పేల్చే గుర్రాన్ని తన్నే ఉక్కు కమానుకు పెట్టేది. వంచితే వంగాలి, వదిలితే లేవాలి. నూనెలో చల్లార్చి, మళ్లీ సన్నసెగ చూపి, నెమలిమెడ రంగు తేలగానే తీస్తాడట. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల తుపాకులన్నీ వాడి దగ్గరికే. సాయిలు తలుపేసుకుని తొమ్మిది కమాన్లు చేశాడు. తొమ్మిదీ పుటుక్కున విరిగాయి. అప్పటి నుంచి భీమయ్య "అన్నా" అని పలకరించినా కడుపు మండేది. నిజం చెప్పొద్దూ, వాడి కొలిమి కాలిపోతే బాగుండునని కూడా అనుకున్నాడు.

పొద్దెక్కాక మిలిటరీ జీపు వచ్చింది. రజాకార్లు లొంగి నెల తిరగలేదు, ఇప్పుడు మిలిటరీ వాళ్లు సంఘం మీద పడ్డారు. ఊళ్లో మగవాళ్లందరినీ చావడి ముందు కూర్చోబెట్టారు. జమేదారు, పట్టుబడ్డ సంఘం తుపాకిలోంచి ఊడదీసిన కమానును వేళ్లతో నొక్కి వదిలాడు. టక్కున లేచింది.

"ఉస్తాద్ చెయ్యి ఇది" అన్నాడు ఉర్దూలో, మనసారా మెచ్చుకుంటూనే. "ఎవరిది?"

భీమయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా లేవబోయాడు. సాయిలు ఓర్వలేకపోయాడు. ఈ మాట కూడా వీడికేనా? ఊరంతా వింటుండగానా?

"నాది" అన్నాడు లేచి.

"ఏందే గది, సాయిలన్నా" భీమయ్య అతని చెయ్యి పట్టుకోబోయాడు.

"నువ్వు కూసోరా. నీకేమెరుక పదును."

సాయిలు భార్య సోమమ్మ ఉరికొచ్చేసరికి అతన్ని ఎక్కించుకున్న జీపు గుట్ట దాటింది. మూడో నాడు పటేలు వచ్చి, మనిషి లేడని చెప్పి తలవంచుకుని పోయాడు.

దినాలయ్యాక భీమయ్య వచ్చాడు. కొలిమిలో ఆగిపోయిన పని తాను చేసిపెడతానన్నాడు.

"నువ్వద్దు" అంది సోమమ్మ. "నీ చెయ్యి పడితే ఆయన ఓర్వడు."

బుచ్చయ్య నాగలి కర్రు, సగం సాగగొట్టినది, ఆరిన బొగ్గుల్లో అట్లాగే ఉంది.