పసుపు కాపీ

మా ఆయన సంజీవ్‌కు కోపమొస్తే మెషిన్ తుడుస్తాడు. ఆ రోజు పొద్దున పదింటి నుంచి తుడిచిన రోలర్‌నే మళ్లీ తుడుస్తున్నాడు. నేనేమో తుకుంలోని మా చిన్న ప్రెస్సులో కాలుగాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నాను. మధ్యలో స్టూలు మీద మా రుక్కమ్మత్త కూర్చుని ఉంది. గొడవంతా ఆమె ఫోన్‌లో తెచ్చిన ఒక ఫొటో గురించే.

రుక్కమ్మత్త మా మేనమామ బాపయ్య భార్య. వాళ్లది లక్కడ్‌కోట్. మామ ఇరవై ఏళ్లుగా రాజురా అవతల ఒక రాళ్ల క్రషర్‌లో బెల్టు పని చేస్తున్నాడు. బెల్టు కింద పడ్డ రాళ్లు తీయడానికి లోపలికి దూరే ముందు, కరెంటు బందు పెట్టమని చిట్టీ రాయాలి. ఒక్కసారి రాస్తే మూడు కాపీలు. తెల్లది కరెంటు వాళ్లకు, గులాబీది సూపర్‌వైజర్‌కు పోతాయి. పసుపుది పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ పసుపు కాగితం మొహం ఎవరూ చూడరు, తనిఖీ వస్తేనో ఏదన్నా జరిగితేనో తప్ప.

జరిగింది. మొన్న శుక్రవారం మామా, చందు అనే ఇంకొకతనూ లోపల ఉండగా బెల్టు కదిలింది. చందు చెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. తెల్లది తమకు రానే లేదన్నారు కరెంటు వాళ్లు. గులాబీది చూడనే లేదన్నాడు సూపర్‌వైజర్. పుస్తకం తెరిస్తే పసుపు కాగితం ఖాళీగా ఉంది.

"చిట్టీ రాయకుంటనే పోరగాన్ని లోపల్కి తోల్కపోయిండంటున్నరు," అంది అత్త. "చెయ్యి నలిగినంక తెల్లది, గులాబీది ఖాళీవే చింపి పారేసిండట. రాసిన, రాసిన అని మీ మామ మొత్తుకుంటుండు. నాలుగింటికి క్రషర్ సాహెబ్ ముందట చౌకశీ ఉంది, అందర్ని పిలిచి ఇచారణ చేస్తరట. నౌకరీ పోతె పోనియ్ బిడ్డా. చందు అవ్వ మా గడపల కూసోని, నా కొడుకు చెయ్యి తిన్నవని ఏడుస్తుంది. మీ మామ మూడొద్దుల సంది ముద్ద ముడుతలేడు. పుస్తకాలు మీరే ఛాపినరు గద, జర చూసి చెప్పు."

ఫొటోలో ఉన్న ఖాళీ పసుపు చిట్టీ నంబరు 1994. మేం అచ్చేసింది 2000 వరకు. అంటే అది చివరి పుస్తకం. దానికి పసుపు కాగితం పెట్టింది నేనే.

ఈ కాగితానికి కార్బన్ అక్కర్లేదు. పై కాగితం వీపున కంటికి కనిపించని రంగు మందు ఉంటుంది. కింది కాగితం ముఖాన ఆ రంగును బయటపెట్టే మందు ఉంటుంది. పెన్ను నొక్కిన చోట రెండూ కలిసి నీలం తేలుతుంది. కింది కాగితం బోర్లా పడితే మాత్రం, ఎంత నొక్కి రాసినా ఏమీ తేలదు. చూడ్డానికి రెండు వైపులూ ఒకేలా ఉంటాయి. అందుకే అచ్చు వేసే ముందు పైన ఒక ముక్క పెట్టి గోటితో గీసి చూడాలి. ఈ మాట పదిహేనేళ్లుగా అందరికీ చెబుతున్నాను, అడగని వాళ్లకు కూడా.

జూలైలో ఆ పని చేసినప్పుడు ఒకటే ముసురు. విప్పిన పాకిట్‌లో మిగిలిన పసుపు కాగితాలు చెమ్మకు వంపు తిరిగాయి. కొన్ని కాగితాల కోసం కొత్త పాకిట్ ఎందుకు విప్పాలని, వాటిని బోర్లించి పైన తూకం రాయి పెట్టాను. పొద్దునకల్లా సాపయ్యాయి. వాటినే ఎత్తి మెషిన్‌లో పెట్టాను. తిరగేయాలన్న సంగతి మరిచిపోయాను. గోరు కూడా గీయలేదు. చివరి పుస్తకంలో చివరి పది చిట్టీలకు ఆ కాగితమే పడింది.

ప్రతి పనిలోనూ ఆఖరున అదనంగా తీసిన చిట్టీ ఒకటి సొరుగులో దాచుకోవడం మా అలవాటు. తీసి గోటితో గట్టిగా గీశాను. గులాబీ మీద నీలం గీత పడింది. పసుపు మీద ఏమీ లేదు. పసుపుదాన్ని తిరగేసి మళ్లీ గీశాను. చక్కగా తేలింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

సంజీవ్ నన్ను కాగితం కట్టల వెనక్కి పిలిచాడు.

"ఇది బయట చెప్తే ఆ ఒక్క గిరాకీయే గాదు, అందరు బందు చేస్తరు. చెయ్యి మనవల్ల పోలే నిర్మలా. బెల్టు నడిపినోడు వేరేటోడు."

"పసుపుది పడలేదనే గద మామ దొంగైండు. తేలు కుట్టిన దొంగలెక్క కూసోమంటవా?"

"గట్ల అనలే. రెండొద్దులు ఆగుమంటున్న, అంతే."

"చౌకశీ ఇయ్యాల్నే ఉంది."

అతను మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

సంజీవ్ మాట తప్పని నేననను. బల్లార్షా దాటేదాకా బస్సులో నేనూ అదే ఆలోచించాను. నాలుగు అబద్ధాలు కూడా తయారుచేసుకున్నాను. కాగితం కంపెనీదే తప్పని చెప్పొచ్చు, చెమ్మకు పాడైందని చెప్పొచ్చు. పక్కన అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి విడిపించుకుని దిగిపోవాలనిపించింది. నన్ను చూస్తే నాకే అసహ్యమేసింది.

క్రషర్ ఆఫీసులో సాహెబ్, సూపర్‌వైజర్ కుర్చీల్లో ఉన్నారు. మామ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సాహెబ్‌కు తెలుగు రాదు కాబట్టి నేను మరాఠీలో మొదలుపెట్టాను. ఈ పుస్తకాలు మావేనని, తప్పు నాదేనని, కావాలంటే రాసి చూడమని చెప్పాను. సాహెబ్ నమ్మలేదు. పుస్తకం తెప్పించి, వాడని 1995 చిట్టీ మీద తన పేరు తానే రాశాడు. తెల్లది ఎత్తితే గులాబీ మీద ఆయన పేరు నీలంగా ఉంది. గులాబీది ఎత్తితే పసుపు కాగితం ఖాళీ. ఇంకా నొక్కి మరోసారి రాశాడు. మళ్లీ ఖాళీయే. పసుపుదాన్ని తిరగేసి పెట్టి రాస్తే పేరు పడింది.

ఆయన సూపర్‌వైజర్ వైపు తిరిగి గులాబీ కాగితం సంగతి ఇంకోసారి అడిగాడు. అతను చొక్కా జేబు తడుముకుని, ఇచ్చిండేమో, యాదికి లేదన్నాడు. అత్త ఏడుస్తూ నా భుజం మీద వాలింది. నాకూ కళ్లు తడిశాయి. సంతోషం కూడా కలిగింది, దాచుకోను.

"ఇలాంటివి ఎన్ని?" అని అడిగాడు సాహెబ్.

"పది. 1991 నుంచి 2000 దాకా."

ఆయన లేచి బీరువాలోంచి ఇంకో ఫైలు తీశాడు. పోయిన నెల తనిఖీలో పుస్తకం ఒక్కటే చూసి, చిట్టీ లేకుండా బెల్టు కిందికి పోయారని ఇద్దరిని తీసేశారట. ఒకరు మల్లమ్మ, ఒకరు ఎర్రయ్య. చిట్టీ నంబర్లు 1991, 1992. ఇద్దరూ రాశామనే చెప్పారని కాగితంలో ఉంది. వాళ్లకు ప్రెస్సున్న మేనకోడలు లేదు.

"ఇప్పుడు ఎక్కడున్నరు వాళ్లు?" అని అడిగాను. సాహెబ్‌కు తెలియదు. సూపర్‌వైజర్‌కూ తెలియదు. మామ వైపు చూశాను. ఆయన గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాడు.

"రాసినమని వాళ్లు గూడ గిట్లనే మొత్తుకున్నరు బిడ్డా," అన్నాడు. "నేను నమ్మలే. పసుపుది ఖాళీ ఉందని సాక్షి సంతకం పెట్టింది నేనే."