నలభై మూడు జేబులు

ఆ మధ్యాహ్నం, ఎవరు ఏ రోజు ఎగరాలో రాసే రోస్టరు ఆఫీసరు పైలట్ల విశ్రాంతి గది గోడకి ఒక కాగితం అంటించి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. వ్యాపారం పడిపోయిందట, విమానాలకి సరుకు రావడం లేదట. ఉన్న అరవై మంది పైలట్లలో ఆఖర్న చేరిన ఇరవై మందిని వచ్చే నెల నుంచి జీతం లేని సెలవు మీద పంపుతారట. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో అందులో లేదు. ఆ జాబితాలో ఆఖరి పేరు, అరవయ్యోది, నా మనవరాలిది.

ఆ గది ఊడ్చేది నేనే. ఇరవై రెండేళ్లు ఊడ్చాను. పని చేసుకునే తల్లులారా, చదువుకునే పిల్లలారా, అక్కడ నా కళ్లతో చూసిందే మీకు చెబుతున్నాను.

మర్నాటి నుంచి ఆఫీసరు ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. లోపలికి వెళ్లినవాళ్లు కోపంగా వెళ్లేవాళ్లు, బయటికి వచ్చేటప్పుడు నేల చూస్తూ, ఎడమ జేబు తడుముకుంటూ వచ్చేవాళ్లు. ఒక బల్ల దగ్గర కూర్చుని నవ్వుకునేవాళ్లు నాలుగు మూలలకీ చెదిరారు. ఒకడు ఫోనెత్తితే మిగతావాళ్ల మాటలు ఆగిపోయేవి. తుడవడానికి నేను వెళ్తే నన్నూ అనుమానంగానే చూశారు.

నా మనవరాలూ వెళ్లొచ్చింది. ఇంటికి రాగానే ఉతకడానికి చొక్కా ఇవ్వమన్నాను. ఇవ్వలేదు.

"జేబులో ఏముందే?"

"పెన్ను అమ్మమ్మా."

"పెన్నుకి బొత్తం పెట్టుకుంటారా ఎవరైనా?"

అది గోడకేసి తిరిగి పడుకుంది. తల్లి పోయిన పిల్లని ఈ చేతులతో పెంచాను. దాన్ని అనుమానించాల్సిన రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వారం తిరక్కుండా ఆ గదిలోనే పైలట్ల సంఘం మీటింగు పెట్టారు. ఆ రోజు ఎగరని వాళ్లు నలభై ముగ్గురు వచ్చారు. వచ్చారేగానీ కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇంకో మనిషి పట్టేంత దూరం.

"సెలవు రోజుల్లో దొంగచాటుగా అదనపు ట్రిప్పులు కొడుతున్నదెవరో తేలాలి!" అని మీసాల పైలట్ బల్ల గుద్దాడు.

"ముందు నువ్వు చెప్పు. మొన్న ఆదివారం ఎక్కడికెళ్లావ్?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"మా బావమరిది ఇంటికి!"

"యూనిఫారం వేసుకునా?"

కొందరు నవ్వారు, ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న పెద్ద కెప్టెన్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నేను చీపురు గోడకి ఆనించాను. "నేనో మాట అడగొచ్చా బాబూ?"

"నీకేం తెలుసమ్మా విమానాల సంగతి?" అన్నాడు మీసాలాయన.

"విమానాల సంగతి తెలీదు, జేబుల సంగతి తెలుసు. ముప్పై ఏళ్ల కిందట పార్సెళ్ల షెడ్డులో మేం నలభై మంది ఆడాళ్లం. మేస్త్రీ ఒక్కొక్కర్తినీ పిలిచి, 'నిన్నొక్కదాన్నే ఉంచుతాను, ఎవరికీ చెప్పకు' అన్నాడు. నలభై మందిమీ నోరు మూసుకున్నాం. నెల తిరిగేసరికి నలభై మందిమీ గేటు బయట ఉన్నాం."

కాలర్లు పట్టుకున్నవాళ్లు చేతులు వదిలారు. నేను నా మనవరాలి వైపు తిరిగాను.

"ఏమే, ముందు నీ జేబు విప్పు."

అది నన్ను చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోలేను. బొత్తం తీసింది. కాగితం మడత విప్పి చదివింది: "సెలవు రోజుల్లో పిలిచినప్పుడల్లా అదనపు ట్రిప్పులకి వస్తే మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇది మీకొక్కరికే ఇస్తున్న అవకాశం. బయటపెడితే రద్దు."

మీసాలాయన దిగ్గున లేచాడు. "నా కాగితం నీ దగ్గరికెలా వచ్చింది?"

అని తన జేబు తడుముకున్నాడు. అతనిది అతని జేబులోనే ఉంది.

ఇంకొకరు తీశారు. ఆ పక్కనున్నాయన తీశాడు. ఆఖర్న పెద్ద కెప్టెన్ కూడా తీసి, తల దించుకుని బల్ల మీద పెట్టాడు. నలభై మూడు కాగితాలు.

"సరుకు లేదన్నాడు, మరి అదనపు ట్రిప్పులెక్కడివి?" అన్నాడు పెద్ద కెప్టెన్ నెమ్మదిగా. "మనిషికి నెలకి పన్నెండు రోజుల పని. మిగిలే నలభై మందిమి ఆరేసి రోజులు ఎక్కువ ఎగిరితే ఇరవై మంది పని తీరిపోతుంది. ఈ ఇరవై మందినీ పంపేది వ్యాపారం కాదర్రా, మనమే."

"అయితే రేపట్నుంచి సెలవు రోజంటే సెలవే, పిలిచినా ఎగరం," అంది నా మనవరాలు. చేతులన్నీ లేచాయి. ఎగరడానికి వెళ్లినవాళ్లు దిగాక ఫోన్లు చేస్తే వాళ్ల జేబుల్లోనూ అదే కాగితం. గోడ మీది జాబితా కనబడకుండా ఆ కాగితాలన్నిటినీ అంటించారు.

మర్నాడు పొద్దున ఆ రోజు డ్యూటీ లేనివాళ్లంతా వచ్చి గదిలో కూర్చున్నారు. ఆఫీసు నుంచి ట్రిప్పులకి పిలిచే ఫోను మోగింది. ఎవరూ కదల్లేదు. ఆగి మళ్లీ మోగింది. కాసేపటికి ఆఫీసరే వచ్చి, రిసీవరెత్తి ఒక్కొక్కరి మొహం ముందు పెట్టాడు. అందరూ చేతులు కట్టుకున్నారు.

"అయితే నువ్వు తీసుకోవే ముసలిదానా!" అని నా మీదికొచ్చాడు.

"నాకు విమానం నడపడం రాదు బాబూ," అన్నాను.

గదంతా గొల్లున నవ్వింది. అతను రిసీవరు విసురుగా పెట్టేసి, నా మెడలోని గేటు పాసు పట్టి లాగాడు. తాడు తెగింది. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

నవ్వులు ఆగిపోయాయి. నా మనవరాలు లేచి తన పాసు తీసి బల్ల మీద పెట్టింది. పెద్ద కెప్టెన్ తనదీ పెట్టాడు. మీసాలాయన తన పాసు ముడి రాక తిట్టుకుంటూ తాడు తెంపి పెట్టేశాడు.

గుమ్మం దగ్గర చూస్తున్న కూలీ కుర్రాడొకడు బయటికి పరిగెత్తాడు. కాసేపటికి బయట సరుకు మోసే బెల్టు చప్పుడు ఆగింది. ఇరవై రెండేళ్లలో పగటిపూట అది ఆగడం నేనెప్పుడూ వినలేదు. సరుకెక్కించే కూలీల మేస్త్రీ చేతి తొడుగులు దులుపుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. వెనకాల మనుషులు వరండా నిండా.

"పెద్దమ్మ పాసు లాక్కున్నారటగా," అన్నాడు ఆఫీసరుతో. "మావి కూడా తీసుకుంటారేమోనని తెచ్చాం."

ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది.