హద్దు లేని చోట సమతాస్థితి

కూతురు కాలేజీలో చేరాక ఆమె మళ్లీ లెక్కల పరిశోధనలో పడింది. నడివయసు వచ్చినా ఇంట్లో అందరికీ ఇంకా బుజ్జే. గైడు ఆమెకన్నా చిన్నవాడు; "అండీ" అనకుండా ఒక్క మాటా మాట్లాడడు.

ఆమె పట్టుకున్న సమస్య చెప్పుకోవడానికి తేలికే. ఒకే వీధిలో నలుగురు దుకాణదారులున్నారు. ఒకడు ధర మారిస్తే మిగతావాళ్లకీ మార్చాలనిపిస్తుంది. ఎవరికీ ఇక కదలబుద్ధి కాని స్థితి ఒకటి ఉంటుందా? దాన్నే సమతాస్థితి అంటారు. అదెక్కడుందో కాదు, అసలు ఉంటుందా అన్నదే ఆమె ప్రశ్న. ఉండి తీరుతుందని ఏళ్ల తరబడి కిందామీదా పడి నిరూపించింది.

చివరి పరీక్ష రోజున, అంతా విన్నాక, తల నెరిసిన పరీక్షకుడు లేచి సుద్దముక్క అందుకున్నాడు.

"ఇద్దరే ఉన్నారనుకోమ్మా. దుకాణం బోర్డు ఎంత ఎత్తుగా పెడితే అంత గిరాకీ. ఎత్తుకి హద్దు లేదు. ఎక్కడ ఆగుతారు?"

ఆమెకు వెంటనే తట్టింది. ఎక్కడా ఆగరు. అంటే అక్కడ సమతాస్థితే లేదు, తన నిరూపణ నిలవదు.

గైడు లేవబోయాడు. "అంటేనండీ, మేడమ్‌గారి ఉద్దేశం..."

"ఉండండి సార్," అందామె. "తప్పు నాదే. హద్దు ఉందన్నట్టే నిరూపణ నడిపించాను. ఆ మాట రాయలేదు. కాస్త టైమివ్వండి."

మంచినీళ్లు తాగి నల్లబల్ల ముందు నిలబడింది. వెనక వరసలో భర్త గొడుగు పిడిని నలిపేస్తున్నాడు. ఆమె ఆ దుకాణం బోర్డులనే పైకి, ఇంకా పైకి ఊహించుకుంటూ పోయింది. అంత ఎత్తుకి ఇనుప స్తంభం కావాలి. గాలికి ఊగుతుంది. ఒక ఎత్తు దాటాక వచ్చే గిరాకీకన్నా ఖర్చే ఎక్కువ.

"అడ్డుగోడ అక్కర్లేదు సార్! ఒక ఎత్తు దాటినవాడికి దిగిరావాలనిపిస్తే చాలు. ఆ షరతు పెడితే సమతాస్థితి కిందనే ఉంటుంది."

"కింద కుదురుకున్నవాణ్ణి ఆ పై ఎత్తు ఊరించదా?"

"లాభం ఒకే గుట్టలా ఎక్కి దిగుతుందని మొదట్లోనే రాశాను సార్. కాబట్టి ఊరిస్తే, అటు వేసే మొదటి అడుగులోనే లాభం కనిపించాలి. ఆ అడుగు ఇంకా కిందనే ఉంది. అక్కడ లాభం లేదని ముందే తేలింది కదా."

వరసగా రాసుకుంటూ పోయింది. ఆయన రెండుచోట్ల ఆపి అడిగాడు. రెండుచోట్లా జవాబు దొరికింది. చివరికి చేతులు దులుపుకున్నాడు.

"ఈ షరతు చేర్చి పంపించమ్మా. డిగ్రీ నీదే."

వరండాలోకి రాగానే భర్త ఎదురొచ్చాడు. "నువ్వు టైమడిగినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతకీ ఏం తేలింది?"

"ఉందని తేలింది."

"ఎక్కడ?"

"అది తెలీదు. ఉందంతే."

"ఇన్నేళ్లూ తలబద్దలు కొట్టుకుని, చివరికి తెలీదంటావేంటే!"

ఆమెకు నవ్వాగలేదు. వెంట వచ్చిన గైడు వినిపించుకోనట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు కానీ, అతని భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి వెళ్లే బస్సులో భర్త కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. రెండో స్టాపు రాకముందే ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.